ప్రాంతీయ ప్రాజెక్టు ఆర్థిక ఫలితాన్ని లెక్కగట్టడం: పల్నాడు పొలం నుంచి గుంటూరు యార్డు వరకు

ఒక ప్రాంతంలో రోడ్డు వేశాక, కాలువ బాగుచేశాక, మార్కెట్ యార్డు కట్టాక అక్కడి ఆదాయాలు పెరిగాయని చూపించడం తేలిక. ధరలు, కూలి రేట్లు, జనాభా ఎలాగూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏ ప్రాజెక్టు పక్కన చూసినా ఏదో ఒక పెరుగుదల దొరుకుతుంది. ఆ పెరుగుదలలో ప్రాజెక్టు తెచ్చిన వంతు ఎంత, అది లేకపోయినా వచ్చి ఉండేది ఎంత అని విడదీయడమే కష్టమైన పని. జిల్లా ప్రణాళికా విభాగంలో కొత్తగా చేరినవారు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు, అర్థశాస్త్ర పరిశోధనకు దిగినవారు, ప్రకటనల్లో కనిపించే కోట్ల లెక్కలను పరీక్షించదలచిన విలేకరులు ఆ పని ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలో ఇక్కడ వివరిస్తున్నాను. పద్ధతులు వర్ధమాన దేశాలన్నిటికీ ఒకటే. ఉదాహరణలు, చిక్కులు మాత్రం విజయవాడ, గుంటూరు పరిసరాలవి.

ఒక మాట ముందే చెప్పాలి. తప్పుడు అంచనాలు చాలావరకు గణితంలో పుట్టవు. దేనితో పోల్చాలో, ఎంత ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోకుండా అంకెలు పోగుచేయడంలో పుడతాయి. అందుకే ఈ రెండు విషయాలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను. చెప్పేది సులువుగా అర్థం కావడానికి ఒక ఊహాత్మక ప్రాజెక్టును వెంట ఉంచుకుందాం: పల్నాడులో మిర్చి పండించే లోపలి పల్లెలను ప్రధాన రహదారికి కలుపుతూ 30 కిలోమీటర్ల రోడ్డును వెడల్పు చేశారనుకుందాం. ఆ పల్లెల సరుకు గుంటూరు మిర్చి యార్డుకు, యార్డు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగులకు వెళుతుంది.

ముందు కారణాల గొలుసు రాయాలి

సర్వే ప్రశ్నావళి తయారు చేయకముందే ఒక కాగితం మీద ప్రాజెక్టు ఏ దారిన ఆదాయాన్ని మారుస్తుందో వరుసగా రాసుకోవాలి. రోడ్డు బాగుపడితే మొదట ప్రయాణ సమయం, లారీ కిరాయి తగ్గుతాయి. కిరాయి తగ్గితే కల్లంలో రైతుకు దక్కే ధరకూ యార్డులో పలికే ధరకూ మధ్య తేడా కుదించుకుపోవాలి. అది కుదించుకుపోతే రైతు సరుకును కల్లంలోనే దళారికి అమ్మడం తగ్గించి తానే యార్డుకు తీసుకురావచ్చు, లేదా శీతల గిడ్డంగిలో పెట్టి ధర కోసం ఆగవచ్చు. ఆ తరువాతే పంటల విస్తీర్ణం మారడం, కూలి రేటు కదలడం, పల్లె యువకులు పట్నంలో పనికి రోజూ వెళ్లిరావడం లాంటివి వస్తాయి. గొలుసులో ముందున్న కొక్కేలు నెలల్లో కదులుతాయి, చివరివి ఏళ్లు తీసుకుంటాయి. రెండేళ్లకే కుటుంబ ఆదాయం కొలిచి ఫలితం లేదని తేల్చడం, మొదటి కొక్కెం కదలకుండానే చివరిదానిలో వచ్చిన పెరుగుదలను ప్రాజెక్టు ఖాతాలో వేయడం, రెండూ తప్పే. కిరాయి తగ్గలేదు గాని ఆదాయం పెరిగిందంటే ఆ పెరుగుదలకు కారణం మరెక్కడో ఉంది.

ధరల తేడాను కొలవడం ఎంత బలమైన సాధనమో ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ పరిశోధన చూపించింది. బ్రిటిష్ పాలన నాటి రైలు మార్గాల ఫలితాన్ని అంచనా వేయడానికి ఆయన ఉప్పు ధరలను వాడుకున్నారు. ఉప్పు కొన్ని నిర్దిష్ట చోట్ల మాత్రమే తయారయ్యేది కాబట్టి, తయారైన చోటి ధరకూ అమ్ముడైన జిల్లాలోని ధరకూ మధ్య తేడా రవాణా ఖర్చును పట్టి ఇచ్చింది. మన ఉదాహరణలో ఆ పని మిర్చి చేస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. మిర్చి అనేది ఒకే సరుకు కాదు. తేజ, 334, 341, బాడిగ రకాల ధరలు ఒకదానికొకటి పొంతన లేకుండా కదులుతాయి. ఒకే రకంలోనూ మేలు కాయకూ తాలు కాయకూ చాలా తేడా ఉంటుంది. అందువల్ల ఒకే రకం, ఒకే నాణ్యత, ఒకే వారం చూసుకుని కల్లం ధరను యార్డు ధరతో పోల్చాలి. టిక్కీకి (మిర్చి బస్తాకు) కిరాయి, హమాలీ, కాటా, కమీషన్, తరుగు విడివిడిగా రాయించుకోవాలి. ఖర్చంతా కలిపి ఒకే అంకెగా తీసుకుంటే రోడ్డు తగ్గించిన ఖర్చు ఏదో, యార్డు నిబంధనలు మారి తగ్గిన ఖర్చు ఏదో తరువాత తెలియదు.

సరిహద్దు

ఫలితాన్ని ఎంత ప్రాంతంలో వెతకాలన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గాని, జవాబును సగం నిర్ణయించేది అదే. రోడ్డు పక్క పల్లెలనే తీసుకుంటే, అక్కడ కొత్తగా వెలసిన దుకాణాలన్నీ లాభంగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని పాత రోడ్డు మీది ఊళ్ల నుంచి తరలివచ్చినవి కావచ్చు. జిల్లా మొత్తాన్ని తీసుకుంటే 30 కిలోమీటర్ల రోడ్డు ఫలితం మిగతా మార్పుల్లో కలిసిపోయి కనిపించదు. ఇంకా పైకి వెళితే మరో చిక్కు. పల్నాడు, గుంటూరు పొలాల్లో మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు. కోత కూలి పెరిగితే ఆ లాభంలో కొంత మనం గీసుకున్న గీత దాటి వెళ్లిపోతుంది. దాన్ని లెక్కలో చేర్చాలా వద్దా అన్నది ప్రశ్న ఎవరిదన్న దానిపై ఆధారపడుతుంది. జిల్లా అధికారులకు అది బయటి లాభం, రాష్ట్రానికి లోపలి లాభం. నా సలహా మూడు వలయాలు గీసుకోమని: రోడ్డుకు ఆనుకున్న పల్లెలు, వ్యాపారం తరలిపోగల దూరంలోని ఊళ్లు, రోడ్డు ప్రభావం చేరనంత దూరంలోని పోలిక పల్లెలు. ఫలితాన్ని ప్రతి వలయానికీ విడిగా చూపాలి.

వలయాల కొలత ఊహించి పెట్టనవసరం లేదు. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారుల మీద ఆర్థికవేత్తలు ఘనీ, గోస్వామి, కెర్ చేసిన అధ్యయనం, వ్యవస్థీకృత పరిశ్రమల పెరుగుదల రహదారికి 10 కిలోమీటర్ల లోపే గట్టిగా కనిపించిందని, 10 నుంచి 50 కిలోమీటర్ల మధ్య అలా కనిపించలేదని తేల్చింది. చెన్నై–కోల్‌కతా మధ్య ఆ చతుర్భుజిలో భాగమే గుంటూరు, విజయవాడలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి. చిన్న రోడ్డుకు వలయం ఇంకా చిన్నదవుతుంది.

ఇక్కడి గణాంకాలు వాడేవారు గుర్తుంచుకోవలసిన మరో విషయం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల మధ్య విడిపోయింది. బాపట్లలో పాత ప్రకాశం జిల్లా భాగం కూడా కలిసింది. పాత కృష్ణా జిల్లా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. కాబట్టి 2020 నాటి గుంటూరు జిల్లా అంకెను 2024 నాటి గుంటూరు జిల్లా అంకెతో పోల్చడం రెండు వేర్వేరు ప్రాంతాలను పోల్చడమే. పేరు ఒకటే కావడం వల్ల ఈ పొరపాటు సులువుగా దొర్లిపోతుంది. దీనికి మందు, మొదటి నుంచీ మండలాన్ని లేదా గ్రామాన్ని లెక్కకు మూల ప్రమాణంగా పెట్టుకోవడం. 2011 జనగణన సమాచారం గ్రామాల వారీగా దొరుకుతుంది, దాని మీద పాత, కొత్త జిల్లాలను ఎలా కావాలంటే అలా కూర్చుకోవచ్చు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కాబట్టి ఆ తరువాతి జనాభా అంకెలను అంచనాలుగానే చూడాలి.

జిల్లా స్థూల ఉత్పత్తి (జిల్లాలో ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ) అంకెను ప్రాజెక్టు ఫలితానికి కొలబద్దగా వాడవద్దని కూడా గట్టిగా చెబుతాను. రాష్ట్ర అర్థ గణాంక శాఖ ఈ అంకెలు తయారు చేస్తుంది. పంటల వంటి కొన్ని రంగాల్లో జిల్లా నుంచే వచ్చిన సమాచారం ఉంటుంది గాని, మరికొన్ని రంగాల్లో రాష్ట్ర స్థాయి అంచనాను ఏదో ఒక సూచిక ప్రకారం జిల్లాలకు పంచుతారు. పంచిన అంకెలో ఒక జిల్లాలో వేసిన రోడ్డు ఫలితం కనిపించాలని ఆశించలేం.

పోలిక

ప్రాజెక్టు లేకపోతే ఏమయ్యేదో ఎవరూ చూడలేరు. దాన్ని మరో చోటి నుంచి అరువు తెచ్చుకోవాలి. ఒక ఊహాత్మక లెక్క చూడండి. రోడ్డు పడిన పల్లెల్లో కుటుంబానికి సగటు నికర ఆదాయం, ధరల పెరుగుదల తీసివేశాక, 1,20,000 రూపాయల నుంచి 1,56,000కు పెరిగింది. రోడ్డు పడని పోలిక పల్లెల్లో అదే కాలంలో 1,10,000 నుంచి 1,34,000కు పెరిగింది. ముందు, తరువాత మాత్రమే చూసేవారు ప్రాజెక్టు లాభం 36,000 అంటారు. చివరి ఏడాదిలో రెండు రకాల పల్లెలను పక్కపక్కన పెట్టి చూసేవారు 22,000 అంటారు. మొదటి వారు, రోడ్డు లేకున్నా వచ్చే పెరుగుదలను కలిపేసుకున్నారు. రెండవవారు, ఆ పల్లెలు మొదటి నుంచీ పది వేలు ముందున్నాయన్న సంగతి వదిలేశారు. 36,000 నుంచి పోలిక పల్లెల పెరుగుదల 24,000 తీసివేస్తే మిగిలేది 12,000. దీన్నే తేడాల తేడా పద్ధతి అంటారు. మూడు జవాబులూ ఒకే సర్వే నుంచి వచ్చినవే.

ఈ 12,000 నిలబడాలంటే ఒక షరతు ఉంది: రోడ్డు పడకముందు రెండు రకాల పల్లెలూ ఒకే వేగంతో నడుస్తూ ఉండాలి. దీన్ని నమ్మకం మీద వదిలేయకూడదు. ప్రాజెక్టుకు ముందు కనీసం మూడు నాలుగేళ్ల సమాచారం, అది ఆదాయం కాకపోయినా పంట విస్తీర్ణం గాని, విద్యుత్ కనెక్షన్లు గాని, యార్డుకు వచ్చిన టిక్కీల సంఖ్య గాని తీసుకుని రెండు గీతలు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి. సాధారణంగా ఉండవు. రోడ్లు ఎక్కడంటే అక్కడ పడవు కదా. అప్పటికే పెరుగుతున్న చోటికి, బలమైన నాయకుడున్న చోటికి ముందు వస్తాయి. ఒక్కోసారి దీనికి విరుద్ధంగా, మరీ వెనకబడిన చోటికి ప్రత్యేక పథకం కింద వస్తాయి. పోలిక పల్లెలను ఎంచేటప్పుడు నేల, నీరు కూడా సరిచూడాలి. నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టులోని పల్లెను బోర్ల మీద బతికే పల్లెతో పోల్చితే, సాగర్‌కు నీళ్లు రాని ఏడాది అంతా తలకిందులవుతుంది.

నిబంధనలే పోలికను ఇచ్చే సందర్భాలు కొన్ని ఉంటాయి, వాటిని వదులుకోకూడదు. 2000 చివరిలో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాల్లో 1,000 జనాభా దాటిన, ఆ తరువాత 500 దాటిన ఆవాసాలకు ప్రాధాన్యం ఇచ్చారు. గీతకు కాస్త పైనున్న పల్లెకూ కాస్త కిందనున్న పల్లెకూ రోడ్డు తప్ప వేరే తేడా ఉండే అవకాశం తక్కువ. సామ్ ఆషర్, పాల్ నొవోసాద్ ఈ గీత చుట్టూ ఉన్న పల్లెలను పోల్చి 2020లో ప్రచురించిన ఫలితం చాలామంది ఊహించనిది. రోడ్డు పడిన నాలుగేళ్లకు కనిపించిన ప్రధాన మార్పు, కూలీలు వ్యవసాయం వదిలి ఇతర పనులకు మళ్లడం. పంటల్లో గాని, ఆదాయంలో గాని, ఆస్తుల్లో గాని పెద్ద మార్పు లేదు. రోడ్డు వస్తే సేద్యం మారిపోతుందని గొలుసులో రాసుకున్నవారు ఈ ఫలితాన్ని దగ్గర పెట్టుకుని తమ గొలుసును మరోసారి చదువుకోవడం మంచిది. దశలవారీగా జరిగే పనుల్లో చివరి దశ పల్లెలు మొదటి దశ పల్లెలకు పోలికగా పనికొస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత ప్రవేశపెట్టాలో చీటీ తీసినట్టు నిర్ణయించి మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ చేసిన పరిశోధన అలాంటిదే. మండల స్థాయిలో ఇలా చేయడం సాధ్యమేనని అది చూపింది. రోడ్ల విషయంలో మాత్రం చీటీలకు ఏ ప్రభుత్వమూ సులువుగా ఒప్పుకోదు.

మొదటి కొలత ఎప్పుడు?

పనులు మొదలైన రోజు నుంచి లెక్క మొదలుపెట్టడం మన దగ్గర అలవాటు. కానీ ఆర్థిక ఫలితం ప్రకటన నాడే మొదలవుతుంది. 2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని శాసనసభలో ప్రకటించాక, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగేలోగా, ఆ పరిసరాల్లో భూమి ధరలు ఎలా ఎగిరాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. శంకుస్థాపన నాటి ధరను మొదటి కొలతగా తీసుకుంటే ప్రాజెక్టు ఫలితంలో పెద్ద భాగం అప్పటికే మొదటి అంకెలో చేరిపోయి ఉంటుంది. 2019 తరువాత పనులు ఆగి, మళ్లీ మొదలైన అమరావతి లాంటి ప్రాజెక్టుకు ఒకే ముందు, ఒకే తరువాత ఉండవు. ప్రకటన, ఆగడం, పునఃప్రారంభం మూడింటినీ మూడు సంఘటనలుగా విడదీసి కొలవాలి.

మొదటి కొలత ఏడాది ఎలాంటి ఏడాదో కూడా చూడాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బతీసింది. ఆ ఏడాది ఆదాయాన్ని మూలంగా పెట్టుకుంటే తరువాత వచ్చే ఏ ఏడాదైనా అభివృద్ధిగానే కనిపిస్తుంది. అలాగే విజయవాడలో చిన్న వ్యాపారాల ఆదాయాన్ని 2024 సెప్టెంబరు బుడమేరు వరద తరువాతి నెలల్లో కొలిచి, ఆపై కొత్త ఫ్లైఓవర్ ఫలితం చూద్దామంటే, వరద నుంచి కోలుకోవడమంతా ఫ్లైఓవర్ ఖాతాలో పడుతుంది. దెబ్బ పోలిక ప్రాంతానికీ సమానంగా తగిలి ఉంటే ఇబ్బంది తక్కువ. కాని వరద అన్ని పేటలనూ సమానంగా ముంచదు.

సర్వే

ఎన్ని కుటుంబాలను అడగాలన్నది అందరూ మొదట వేసే ప్రశ్న. ఎన్ని ఊళ్లలో అడగాలన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే ఊరివారికి నేల, నీరు, వ్యాపారి, వాన అన్నీ ఉమ్మడి కాబట్టి పదకొండో కుటుంబం కొత్తగా చెప్పేది తక్కువ. ఒకే ఊరి కుటుంబాలు ఎంతగా ఒకేలా ఉంటాయో సూచించే గుణకం (0 అంటే ఏ పోలికా లేదు, 1 అంటే అంతా ఒకటే) 0.1 అనుకుంటే, 50 ఊళ్లలో ఊరికి 20 చొప్పున అడిగిన 1,000 కుటుంబాల సమాచారం, విడివిడిగా ఎంచిన సుమారు 345 కుటుంబాల సమాచారంతో సమానం. అదే వెయ్యిని 100 ఊళ్లలో ఊరికి 10 చొప్పున అడిగితే సుమారు 525తో సమానం. ప్రయాణ ఖర్చు పెరిగినా ఊళ్ల సంఖ్య పెంచడమే మేలు. రోడ్డు పడిన ఊరు ఒకటి, పడని ఊరు ఒకటి తీసుకుని ఒక్కోదానిలో 500 ఇళ్లు తిరిగిన సర్వేలో గణాంకపరంగా ఉన్నవి రెండు ఊళ్లే.

ఎవరిని అడగాలన్నది ఇక్కడ మరీ ముఖ్యం. పొలం రికార్డులో పేరున్న వ్యక్తి గుంటూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండవచ్చు. దున్నేది కౌలు రైతు. ఈ-క్రాప్ నమోదు (ప్రభుత్వం చేసే పంటల నమోదు) సాగుదారును గుర్తించడానికి కొంత సాయపడుతుంది గాని, కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది కాబట్టి ఊళ్లో విచారించి జాబితా సరిచేసుకోవాలి. కూలి గురించి ఆడవారిని విడిగా అడగాలి. మిర్చి కోతలో వారి పనే ఎక్కువ, ఇంటాయన చెప్పే లెక్కలో అది తరచూ సగమే వస్తుంది. ఆదాయం ఎంత అని సూటిగా అడిగితే సరైన జవాబు రాదు. ఎన్ని ఎకరాలు, ఎన్ని క్వింటాళ్లు, ఎక్కడ, ఎంతకు అమ్మారు, మందులకు, కోతకు, కిరాయికి ఎంతయింది అని విడివిడిగా అడిగి మనమే కూడుకోవాలి. దాంతో పాటు తిండి, చదువు, వైద్యం ఖర్చులు కూడా తీసుకోవాలి. ఒక్క ఏడాది పంటతో ఎగిరిపడే ఆదాయం కన్నా వినియోగ ఖర్చు కుటుంబ స్థితిని నిలకడగా చూపుతుంది. రూపాయల్లో వచ్చిన ప్రతి అంకెనూ వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీతో ఒకే ఏడాది ధరల్లోకి మార్చాలి. సర్వే రెండుసార్లూ ఒకే నెలల్లో జరగాలి. ఫిబ్రవరిలో ఒకసారి, యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెలలో మరోసారి అడిగిన జవాబులను పోల్చడానికి వీలుండదు.

సర్వేకు డబ్బు లేనివారికి ఉపగ్రహ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. రాత్రి వెలుతురు చిత్రాలు పాత ఉపగ్రహాల నుంచి 1992–2013 కాలానికి, కొత్త వాటి నుంచి 2012 తరువాతి కాలానికి ఉన్నాయి. రెండు శ్రేణులనూ నేరుగా అతికించకూడదు. పంట పచ్చదనం చూపే చిత్రాలు 2015 తరువాత 10 మీటర్ల స్పష్టతతో వస్తున్నాయి. రాత్రి వెలుతురు విషయంలో ఒక ఉచ్చు ఉంది. ఈ ఉపగ్రహాల పరికరాలు నీలి కాంతిని చాలావరకు పట్టుకోజాలవు. పాత సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీ వీధి దీపాలు పెట్టిన ఊరు, కంటికి మరింత వెలుగుతున్నా, చిత్రంలో మసకబారినట్టు కనిపించవచ్చు. అందువల్ల వెలుతురును ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు.

రూపాయల్లోకి మార్చడం

ఫలితం తేలాక దాన్ని ఖర్చుతో తూచాలి. ఎక్కువ నివేదికలు దారి తప్పేది ఇక్కడే, అదీ నాలుగు చోట్ల.

ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించడం మొదటిది. రోడ్డు వల్ల కిరాయి తగ్గుతుంది, అందుకే పొలం ధర పెరుగుతుంది. పెరిగిన పొలం ధర, రాబోయే ఏళ్ల కిరాయి ఆదాను ఈనాటి ధరలో చూపించే మరో రూపం మాత్రమే. రెండింటినీ కలిపితే లాభం రెట్టింపవుతుంది. భూమి ధరను కొలవడం తప్పు కాదు, చాలా ఉపయోగకరం కూడా. కాని దాన్ని కిరాయి లెక్కకు సరిచూపుగా వాడాలి, అదనంగా కాదు. పైగా రిజిస్ట్రేషన్ విలువకూ చేతులు మారిన సొమ్ముకూ ఉండే దూరం తెలిసినదే.

రెండవది నిర్మాణంలో ఇచ్చిన కూలిని లాభంగా చూపడం. కూలి ప్రాజెక్టు ఖర్చు. దానిలో లాభమని చెప్పదగినది, ఆ కూలీ మరో చోట సంపాదించి ఉండేదానికన్నా ఎక్కువగా సంపాదించిన భాగం మాత్రమే. శాశ్వత ఉద్యోగాలకూ ఇదే తర్కం. రోడ్డు పక్కన ఒక మిర్చి పొడి తయారీ సముదాయం వచ్చి 400 మందికి, ఏడాదికి ఒక్కొక్కరికి 1,50,000 రూపాయల జీతంతో పని ఇచ్చిందనుకుందాం. ప్రకటనలో అది ఏడాదికి 6 కోట్ల ఫలితం. విచారిస్తే 150 ఉద్యోగాలు పాత చోట నుంచి తరలివచ్చిన యూనిట్లవని తేలింది. మరో 100 మంది అంతకుముందే దాదాపు అంతే జీతానికి వేరే చోట పనిచేస్తున్నారు. మిగిలిన 150 మంది ఏడాదికి 90,000 వచ్చే కూలి పనుల నుంచి వచ్చారు. నికర లాభం 150 మందికి 60,000 చొప్పున 90 లక్షలు. ఆ 100 మంది ఖాళీ చేసిన చోట్లలో కొత్తవారు చేరి ఉంటే ఇంకొంత కలుస్తుంది. దాన్ని కూడా విచారించే కలపాలి గాని, ఏదో ఒక గుణకం పెట్టి హెచ్చవేయకూడదు. ఒక రూపాయి ఖర్చుకు ఇన్ని రూపాయల ఉత్పత్తి అనే గుణకాలు చేతిలో మనుషులూ యంత్రాలూ ఖాళీగా ఉన్నాయన్న ఊహ మీద నడుస్తాయి. కోతల కాలంలో కూలీలు దొరకని పల్నాడులో ఆ ఊహ చెల్లదు.

మూడవది పన్నులు, రాయితీలు. ఇవి ఒక జేబు నుంచి మరో జేబుకు మారే డబ్బు. సమాజం మొత్తానికి లెక్క వేసేటప్పుడు సిమెంటు మీది పన్నును ఖర్చులో నుంచి తీసేయాలి, విద్యుత్ రాయితీని ఖర్చులో కలపాలి. ప్రాజెక్టు ఖజానాకు ఎంత తెస్తుందన్నది వేరే పట్టిక.

నాలుగవది డిస్కౌంటు రేటు, అంటే రాబోయే లాభాన్ని ఈనాటి విలువలోకి మార్చడానికి ఏడాదికి ఎంత శాతం తగ్గించాలన్నది. 20 ఏళ్ల తరువాత వచ్చే 100 రూపాయల లాభం ఈనాటి విలువలో 12 శాతం రేటుతో సుమారు 10 రూపాయలు, 9 శాతంతో సుమారు 18, 6 శాతంతో సుమారు 31. రేటు మార్చితే చాలు, మంచి ప్రాజెక్టు చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2017లో తన కనీస రేటును 9 శాతానికి తగ్గించింది, సామాజిక రంగ ప్రాజెక్టుల వంటి కొన్నిటికి 6 శాతం అనుమతించింది. ఏ రేటు వాడినా అది మొదటే ప్రకటించి, కనీసం మరో రెండు రేట్లతో కూడా జవాబు చూపాలి.

లాభం ఎవరి చేతికి?

మొత్తం లాభం ధనాత్మకంగా ఉన్నంత మాత్రాన ప్రాంతం బాగుపడినట్టు కాదు. ఎస్తేర్ డఫ్లో, రోహిణి పాండే భారతదేశపు సాగునీటి ఆనకట్టల మీద 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దిగువ జిల్లాల్లో పంట పెరిగి పేదరికం తగ్గగా, ఆనకట్ట కట్టిన జిల్లాలో పేదరికం పెరిగింది. జిల్లాల సగటు తీస్తే ఈ రెండూ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. కృష్ణా డెల్టాలో కాలువల ఆధునికీకరణను లెక్కగట్టేవారికి ఇది ఊళ్ల స్థాయిలోనే ఎదురవుతుంది. విజయవాడలో 1855 నాటి ఆనకట్ట 1952లో దెబ్బతిన్నాక, 1957 నాటికి పూర్తయిన ప్రకాశం బ్యారేజీ సుమారు 12 లక్షల ఎకరాలకు నీరిస్తుంది. కాలువ తలలో ఉన్న పొలానికి మరమ్మతు వల్ల కొత్తగా వచ్చేది తక్కువ. రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు ఆయకట్టుకు నీరు చేరిందా లేదా అన్నదే ఫలితం. తలలోని పొలాలనే ఎక్కువగా ఎంచుకున్న సర్వే, ప్రాజెక్టు వృథా అని చెబుతుంది.

నీరు చేరిన చోట కూడా ఆగి కౌలు ఎంత పెరిగిందో అడగాలి. ఎకరాకు నాలుగు బస్తాల దిగుబడి పెరిగి, మరుసటి ఏడాది కౌలు మూడు బస్తాలు పెరిగితే, దున్నినవాడికి మిగిలింది ఒక బస్తా. అందువల్ల ఫలితాల పట్టికలో భూ యజమానికి, కౌలు రైతుకు, కూలీకి, వ్యాపారికి, ప్రాంతం బయటివారికి విడివిడిగా వరుసలు ఉండాలి. రైతుల భూములను కలిపి తీసుకునే భూ సమీకరణ ప్రాజెక్టుల్లో ఇది ఇంకా సూక్ష్మం. అమరావతిలో భూములిచ్చిన రైతులకు ఎకరాకు మెట్టకు 30,000, జరీబుకు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 50,000 రూపాయల వార్షిక కౌలు, భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను మొదట్లో నిర్ణయించారు. ఇవి లాభాలు కావు, నష్టానికి ఇచ్చే పరిహారం. అసలు లెక్క, ఆ పొలాల్లో పనిచేసిన కూలీకి పోయిన పనిదినాల విలువ ఎంత, పింఛను దానిలో ఎంత పూడ్చింది అన్నది.

నివేదిక రాసేటప్పుడు ఒకే అంకె ఇవ్వకుండా, తక్కువ, ఎక్కువ అంచనాల మధ్య విస్తృతిని ఇవ్వాలి. ఆపై ప్రతి ముఖ్యమైన ఊహకూ మలుపు విలువ కనుక్కోవాలి, అంటే ఆ ఊహ ఎంత తప్పితే లాభం సున్నా అవుతుందో తేల్చాలి. మన రోడ్డు విషయంలో, రోడ్డు మీద యార్డుకు వెళ్లే సరుకు అంచనాకన్నా 40 శాతం తగ్గినా లాభం మిగిలితే ఆ ప్రాజెక్టు గట్టిది. 8 శాతం తగ్గితేనే నష్టంలోకి జారేటట్లయితే, పురుగు వల్లనో ధర వల్లనో మిర్చి సాగు ఏటా అంతకన్నా ఎక్కువగానే ఊగుతుంది కాబట్టి, ఈ ప్రాజెక్టు లాభమో నష్టమో ఉన్న సమాచారంతో తేలలేదని నివేదిక మొదటి పేజీలోనే రాయాలి.